గడీ తుపాకీ, ఊరి వడిసెల

కార్పొరేట్ సంస్థలే రాజ్యాలై సొంత సైన్యాలను పోషించే భవిష్యత్తును ఊహించే సైబర్‌పంక్ కథల్లో, ఆ సైన్యాలకు ఆయుధాలు ఎంచే రచయితలు వాటి తళుకుల కంటే ముందు తూటాల సరఫరాను, మరమ్మతును లెక్కలోకి తీసుకోవాలనడానికి జనగామ ప్రాంత చరిత్రే సాక్ష్యం. 1946 జులై 4న కడవెండిలో భూస్వామి అయిన విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో ఊరి సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య నేలకొరిగినా, గడీకి, అంటే కోటలాంటి దొర ఇంటికి, ఊళ్లు తలవంచలేదు. తాడు నడుమ అల్లిన పట్టీలో రాయి పెట్టి, గిరగిరా తిప్పి ఒక కొస వదిలే వడిసెల చేలో పిట్టలను తోలే పనిముట్టే అయినా, ఆ దొరలపై సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో ఆయుధమైంది. దాని తూటా చేనులోనే దొరుకుతుంది, తాడు తెగితే ఇంట్లోనే పేనుకోవచ్చు. తిండీ దారీ ఊరి చేతిలో ఉన్నంతకాలం కూలి సైన్యానికి ఎంత ఖరీదైన తుపాకీ ఇచ్చినా అది బరువే తప్ప బలం కాదు.