వాకాడు పెరటి బావులను పాడుపెట్టుకోవద్దు

వాకాడు ప్రాంతంలో నీటికి కరవు లేదు, తాగే నీటికే కరవు. ఒకవైపు స్వర్ణముఖి, మరొకవైపు బకింగ్‌హాం కాలువ, ఆవల సముద్రం. కార్తీకంలో వాన పట్టుకుంటే ఇళ్ల చుట్టూ నీళ్లే. అయినా ఇరవై లీటర్ల క్యాను గుమ్మంలో దిగనిదే పొయ్యి మీద ఎసరు పెట్టని ఇళ్లు పెరుగుతున్నాయి. పెరట్లో తాతలనాటి బావి ఉంటుంది. దానిమీద రేకు కప్పి ఉంటుంది. ఆ నీరు అంట్లకు, గొడ్లకు తప్ప పనికిరాదని ఇంటివారే తీర్మానించుకుంటారు. 2022 ఏప్రిల్‌లో వాకాడు మండలాన్ని నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మార్చారు. జిల్లా మారినంత మాత్రాన బావిలో నీరు మారుతుందా!

బావిని వదిలివేయడానికి ముందు అది దేనివల్ల చెడిందో తెలుసుకోవాలి. ఈ తీరంలో బావికి రెండు రోగాలు వస్తాయి. ఒకటి ఉప్పు, రెండవది మురికి. నాలుకకు ఉప్పు తెలుస్తుంది, మురికి తెలియదు. అందుచేత కాస్త ఉప్పదనం తగిలిన బావిని జనం వెలివేస్తున్నారు. మరుగుదొడ్డి గుంట పక్కనున్న బావి నీరు తియ్యగా ఉందని బిడ్డలకు పోస్తున్నారు. లీటరు నీటిలో క్లోరైడు 250 మిల్లీగ్రాముల లోపు ఉంటే మేలని, వేరే దారి లేనిచోట 1000 వరకు ఓర్చుకోవచ్చునని భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. నాలుక చెప్పే తీర్పుకూ ఈ లెక్కకూ చాలా తేడా ఉండవచ్చు. పరీక్ష చేయించకుండా బావిని పూడ్చడం తొందరపాటు.

ఇసుక నేలలో వాననీరు కిందికి దిగి, ఉప్పునీటిపైన తేలి నిలుస్తుంది. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక. సముద్రమట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే దాని దిగువన సుమారు నలభై అడుగుల వరకు మంచినీరే ఉండగలదని గైబెన్ 1888లోను, హెర్జ్‌బెర్గ్ 1901లోను వేర్వేరుగా లెక్క కట్టారు. ఈ లెక్కను తిరగవేసి చూస్తే భయం వేస్తుంది. మోటారు పెట్టి ఆ మట్టాన్ని ఒక్క అడుగు దించితే, కింది ఉప్పు నలభై అడుగులు పైకి రావడానికి దారి ఇచ్చినట్లే. బావి ఉప్పెక్కిందని దాని పక్కనే లోతుగా బోరు వేయించేవారు కోరి ఉప్పును వెతుక్కుంటున్నారన్నమాట.

ఈ సంగతి పెద్దలకు శాస్త్రం చదవకుండానే తెలుసు. తీరపు ఇసుకల్లో దొరువులు తవ్వి, పైపైన ఊరిన నీటిని కడవలతో ముంచి నారుమళ్లకు, కూరపాదులకు పోసేవారు. లోతుకు పోయేవారు కారు. బాపట్లలోని వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఈ దొరువు పద్ధతినే మెరుగుపరిచారు. ఇసుకలో తక్కువ లోతున చిల్లుల గొట్టాలను అడ్డంగా పరచి, నడుమనున్న బావిలోకి పైనీటిని మాత్రమే రాబట్టే ఏర్పాటు చేశారు. పెరటి బావికీ ఇదే నీతి. చేదతో తోడినంత కాలం రాని ఉప్పు, పెద్ద మోటారు బిగించగానే వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. మోటారు తప్పనిసరి అయితే చిన్నది పెట్టి, కాసేపు తోడి, ఊట ఊరేదాకా ఆపడం మంచిది.

ఇంటివాడు ఎంత జాగ్రత్తపడినా పొరుగు రొయ్యల గుంట ఊరుకోదు. 1990 తర్వాత ఈ తీరమంతటా గుంటలు తవ్వారు. ఉప్పునీటిని తెచ్చి నేలమీద నిలవబెడితే అది ఎక్కడికి దిగుతుందో చెప్పనవసరం లేదు. 1996 డిసెంబరు 11న జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో నెల్లూరు జిల్లా కుర్రు గ్రామం ప్రస్తావన ఉంది. రొయ్యల సాగు వలన అక్కడి ఆరు వందల మంది జాలరులకు తాగునీరు కరవైందన్నది ఆ ప్రస్తావన. పంట పొలాలను రొయ్యల గుంటలుగా మార్చకూడదని కూడా కోర్టు ఆదేశించింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. తాగునీటి వనరుకు వంద మీటర్ల దూరం పాటించాలని ఆ అథారిటీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రొయ్యలతో కొన్ని కుటుంబాలు బాగుపడిన మాట నిజమే. ఆ బాగు కోసం పక్కింటి బావి పోవలసిన పని లేదు. గుంటకు అనుమతి అడిగినప్పుడే చుట్టుపక్కల పెరటి బావులను లెక్కలోకి తీసుకుంటే తర్వాత తగాదా ఉండదు.

రెండవ రోగం మురికి. ఇది పూర్తిగా ఇంటివారి చేతిలో, ఊరివారి చేతిలో ఉన్నది. 2014 తర్వాత ఇంటింటా మరుగుదొడ్లు కట్టారు. అది మంచి పనే, ఎవరూ కాదనరు. కాని నాలుగు సెంట్ల స్థలంలో ఇల్లు, బావి, గుంట మూడూ పట్టాలి. బావికి గుంట కనీసం యాభై అడుగుల ఎడంగా ఉండాలంటారు. తన గుంటను ఒక మూలకు జరిపినవాడు, అదే మూల గోడ అవతల పొరుగువాని బావి ఉందని చూడడు. ఇసుక నేలలో మురుగు త్వరగా పాకుతుంది. కొత్తగా ఇల్లు కట్టేవారికి కాగితం ఇచ్చేముందు పంచాయతీవారు ఒక టేపు పట్టుకుని గోడ అవతలికి కూడా కొలిస్తే చాలు. దీనికి నిధులు అక్కరలేదు.

బావికి నడుమెత్తు గోడ, చుట్టూ గజం వెడల్పు సిమెంటు చప్టా, నీరు దూరంగా పోయే కాలువ, పైన మూత ఉండాలి. వరల సందుల్లో సిమెంటు పోయి ఉంటే పూడ్పించాలి. బట్టలు బావి పక్కన ఉతకకూడదు. బొక్కెన నేలమీద పెట్టకూడదు. ఇవన్నీ తెలిసినవే, పాటించేవారే తక్కువ.

తుపాను తర్వాత మాట వేరు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపాను గాని, 2015 నవంబరు వరదలు గాని చూసినవారికి బావిలోకి వీధినీరు దిగడమంటే ఏమిటో తెలుసు. అప్పుడు చాలామంది చేసే పని మోటారు పెట్టి బావిని అడుగంటా తోడేయడం. తీరంలో ఇది ప్రమాదం. కిందినుంచి ఉప్పు పైకి వస్తుంది, నానిన వరలు కూలవచ్చు. 2004 సునామీ తర్వాత శ్రీలంక తూర్పు తీరంలో బావులను మళ్లీమళ్లీ తోడితే ఉప్పు తగ్గకపోగా కొన్నిచోట్ల పెరిగింది. ఆ తర్వాత వానలే వాటిని కడిగాయి. పైనున్న చెత్తను, బురదను నెమ్మదిగా తీసి, బ్లీచింగు వేయడమే సరైన దారి.

బ్లీచింగును గుప్పెళ్లతో విసరడం వలన ఫలితం లేదు. మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు వేస్తే సరిపోతుంది. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల నీరు ఉన్న బావిలో సుమారు 9,400 లీటర్లు ఉంటాయి. దానికి 24 గ్రాములు చాలు. పొడిని బకెట్లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలు తేరనిచ్చి, పైతేటను మాత్రమే బావిలోకి దించి కలియబెట్టాలి. అడుగు సున్నాన్ని బావిలో పోయరాదు. గంటసేపు తోడకూడదు. రాత్రి వేస్తే తెల్లవారేసరికి నీరు సిద్ధం. వరదనీరు కలిసిన బావికి ఈ మోతాదు చాలదు, మురికే క్లోరిన్‌ను తినేస్తుంది. అరగంట తర్వాత కూడా లీటరుకు అర మిల్లీగ్రాము మిగిలిందా అని చూసి, లేకుంటే మళ్లీ వేయాలి. బ్లీచింగు ఉప్పును తీయదు. కాచినా ఉప్పు పోదు సరిగదా, నీరు ఇగిరి మరింత చిక్కబడుతుంది.

2019లో మొదలైన జల్‌జీవన్ మిషన్ కింద ఊళ్లలో మహిళలకు నీటి పరీక్షల పెట్టెలు వాడడం నేర్పే ఏర్పాటు ఉంది. ఆ పెట్టె కుళాయి నీటి దగ్గరే ఆగకుండా పెరటి బావులకు కూడా రావాలి. ఏడాదికి రెండుసార్లు, నడివేసవిలో ఉప్పుకు, వానలు వెనుకబట్టాక మురికికి పరీక్ష చేసి, ఫలితాన్ని బావిగోడ మీదే రంగుతో రాస్తే ఇంటి ఇల్లాలికి తెలుస్తుంది, పొరుగువారికీ తెలుస్తుంది.

ఈశాన్య వానలు అక్టోబరులో మొదలవుతాయి. బ్లీచింగు బస్తాలు తుపాను హెచ్చరిక వచ్చాక కాక, సెప్టెంబరులోనే ఊళ్లకు చేరాలి. మూతి విప్పి మూల పడవేసిన బస్తాలో సత్తువ నిలవదు. దానిని గాలి, తేమ, ఎండ తగలకుండా డబ్బాల్లో బిగించి, పైన తేదీ వేసి ఉంచవలసిన బాధ్యత పంచాయతీలది.