మందిరం ఖాళీ అయినా తలుపు మూయరాదు

విశ్వాసుల సంఖ్య తరిగిపోతున్న సమాజంలో ధర్మసంస్థ కర్తవ్యమేమిటి? నేడు ఇంగ్లండులో క్రైస్తవ చర్చి ఎదుర్కొంటున్న ప్రశ్న ఇదే. 2001 జనగణనలో ఇంగ్లండు, వేల్స్ ప్రజలలో దాదాపు 72 శాతం మంది తాము క్రైస్తవులమని చెప్పారు. 2021 నాటికి వారు 46.2 శాతానికి తగ్గారు. ఏ మతమూ లేదన్నవారు 37.2 శాతానికి పెరిగారు. ఏ మతానికి చెందిన ఆస్తికులనైనా ఆలోచింపజేసే అంకెలివి.

అయినప్పటికీ ఇంగ్లండులో ఆంగ్లికన్ చర్చి నేటికీ అధికారిక మతసంస్థయే. రాజు దానికి అధిపతి. ప్రభువుల సభలో 26 మంది బిషప్పులకు స్థానమున్నది. ఈ ఆసనాలు చర్చికి హోదా నివ్వగలవే గాని, ప్రజల హృదయాలలో చోటు సంపాదించి పెట్టలేవు.

ఆ చోటు ఎలా లభిస్తుందో చాడ్ వారా అనే మతగురువు చూపారు. ఆత్మహత్య చేసుకున్న ఒక బాలికకు అంత్యక్రియలు జరిపించిన నాటి వేదన ఆయనను వీడలేదు. 1953లో లండనులోని తన చర్చిలో, ప్రాణం తీసుకోదలచిన వారి గోడు వినేందుకు టెలిఫోను సేవ ప్రారంభించారు. తన కోసం వేచి ఉన్నవారు, తేనీరిచ్చి ఆదరంగా ఆలకించే స్వచ్ఛంద సేవకుల వద్దనే ఊరట పొందుతున్నారని గ్రహించి, మరుసటి ఏడాది ఆ బాధ్యతను వారికే అప్పగించారు. అదే సమారిటన్స్ సంస్థ. అక్కడ మతబోధ లేదు, వినడమే ఉన్నది.

సేవ ప్రభుత్వమూ చేయగలదు, ఇక చర్చి ఎందుకని కొందరి వాదన. కాని మరణం ఎదురైన ఇంట మనిషికి కావలసినది సదుపాయం ఒక్కటే కాదు. ఇంగ్లండులో పారిష్ పరిధిలో నివసించే వారెవరికైనా, మతంతో నిమిత్తం లేకుండా, చర్చి శ్మశానవాటికలో స్థలమున్నంతవరకు ఖననమయ్యే హక్కున్నది. రానివారికి సైతం చోటుంచడంలోనే ధర్మసంస్థ ఔన్నత్యమున్నది.

అయితే నమ్మకం లేనిదే ఏ తలుపు తెరచినా ఎవరూ రారు. క్రైస్తవ శిబిరాలలో పరిచయమైన బాలురను హింసించిన ఒక వ్యక్తి విషయంలో చర్చి చూపిన అలసత్వం వెల్లడి కాగా, 2024 నవంబరులో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా ప్రకటించారు. సంస్థ పరువు కాపాడబోయి పసివారిని కాపాడలేకపోతే ఆ పరువూ దక్కదు.

సంఖ్యాబలం తగ్గడం ధర్మసంస్థకు పరీక్ష మాత్రమే. ఆర్తులను విస్మరించడమే దానికి నిజమైన పతనం.