శనివారం వేడి అన్నం

గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్లే దారిలో చేబ్రోలు వస్తుంది. ఆ పక్కనున్న కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే తెలుగు యూదులున్నారు. ఒకప్పుడు వారు కూడా మనలాగే బాప్టిస్టు సంఘాల్లో ఉన్నవారే. యాకోబి సోదరుల చొరవతో 1991లో అక్కడ సమాజమందిరం వెలిసింది. శుక్రవారం పొద్దు గుంకింది మొదలు శనివారం చీకటిపడే వరకు వారికి విశ్రాంతిదినం. వారిలో ఎక్కువమంది కూలినాలి చేసుకునేవారు. శనివారం కూలి వదులుకోవడం చిన్న సంగతి కాదు.

విశ్రాంతిదినాన ఇంట్లో నిప్పు రాజేయకూడదని ధర్మశాస్త్రం (నిర్గమ. 35:3). మరి చల్లన్నమే తినాలా? ధర్మశాస్త్రం ఆ మాట అనలేదు. అందుకే రబ్బీలు దీనిమీద ఎంతో ఆలోచించారు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నాలో ఆ వివరమంతా ఉంది. శుక్రవారం వండిన కుండను పొయ్యిమీదే ఉంచాలంటే నిప్పులు ఊడ్చేయాలి, లేదా బూడిద కప్పాలి. కూర చల్లారుతోందని ఎవరైనా మరచిపోయి నిప్పులు కదిలిస్తారేమోనని ఈ జాగ్రత్త. కుండను దేనిలోనైనా కప్పిపెట్టాలంటే పొద్దుండగానే పెట్టాలి. ఎరువు, సున్నం, ఇసుక పనికిరావు. అవి వేడిని పెంచుతాయట. పేడకుప్ప లోపల ఎంత వేడి ఉంటుందో మన రైతులకు చెప్పాలా! బట్టలు, పావురాల ఈకలు, రంపపుపొట్టు ఫరవాలేదు. అవి ఉన్న వేడిని కాపాడతాయంతే. ఈ పట్టింపులోనుంచే రాత్రంతా సన్నని సెగమీద ఉడికే 'హమీన్' అనే వంటకం పుట్టింది. రబ్బీల మాట ఒప్పుకోని తొలినాటి కరాయీయులు మాత్రం ఆ రోజు దీపం కూడా లేకుండా చీకట్లో కూర్చున్నారు, చల్లని భోజనమే తిన్నారు.

ఇదంతా పరిసయ్యుల చాదస్తమని మనం నవ్వేస్తాం. మోయలేని బరువులు మనుషుల భుజాలపై పెట్టేవారిని ప్రభువు గద్దించిన మాట నిజమే (మత్తయి 23:4). అయితే ఈ నియమాలవల్ల శనివారం పొయ్యి దగ్గర ఎవరూ నిలబడనక్కర్లేదు. దాసీ కూడా నీలాగే విశ్రమించాలన్నదే కదా ఆజ్ఞ (ద్వితీ. 5:14).

తెనాలిలోనో రేపల్లెలోనో ఆదివారం ఉదయం చూడండి. ఇంటిల్లిపాదీ ముందు బయలుదేరతారు. ఇల్లాలు మసాలా నూరి, కుక్కరు దించి, రెండో పాటకు గుడిలో అడుగుపెడుతుంది. ఆశీర్వాదం కాగానే చికెన్ కూర కోసం మళ్లీ పరుగు. మార్తను మందలించే ప్రసంగాలకు మన సంఘాల్లో కొదవలేదు. ఆ బోధకులు మధ్యాహ్నం ఏ మార్త ఇంట భోంచేస్తారో మరి! ఇప్పుడు హాట్‌బాక్స్ లేని ఇల్లు అరుదు. శనివారం రాత్రే కూర వండేసి, పొద్దున్నే అన్నం వార్చి అందులో పెట్టి వస్తే అతిథులు వద్దంటారా?