అసైన్: ఆ గుర్తు ఎవరిది?



మొన్న బందరులో డిగ్రీ చదివే తమ్ముడొకడు అడిగాడు. "అన్నా, కాలేజీలో అసైన్‌మెంటు అంటే రాసి లెక్చరర్‌కి ఇచ్చేది. మరి మన పేటలో అసైన్డు భూమి అంటే?" నవ్వుతూనే అడిగాడు. రెండూ ఒకటే మాట తమ్ముడూ. రెండు చోట్లా చాకిరీ మనది, కాగితం ఇంకొకడి దగ్గర.

ఇంగ్లీషువాళ్లు 1611లో మన బందరులోనే వర్తక స్థావరం పెట్టారు. వాళ్ల భాషలోకి 'అసైన్' లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. లాటిన్‌లో 'సిగ్నుమ్' అంటే గుర్తు. సంతకాన్ని 'సైన్' అనేదీ అందుకే. గుర్తు పెట్టి ఒకరికి కేటాయించడం మొదటి అర్థం. పని అప్పగించడం ఇంకొకటి. కోర్టు ఇంగ్లీషులో అయితే తన హక్కును ఇంకొకరికి బదలాయించడం. మన రెవెన్యూ ఆఫీసులో ఆ అర్థం తిరగబడింది. సర్కారు నేల 'అసైన్' చేస్తుంది, హక్కు మాత్రం తన దగ్గరే ఉంచుకుంటుంది. దున్నుకో, తిను, అమ్మకు. ప్రాజెక్టు వస్తే దిగిపో.

రోములోనూ ఇదే గొడవ. క్రీ.పూ. 133లో టైబీరియస్ గ్రాకస్, పెద్దలు ఆక్రమించిన ప్రభుత్వ భూమిని పేదలకు పంచే చట్టం తెచ్చాడు. పంచే కమిషన్ పేరులోనే ఈ మాట ఉంది. అమ్మకూడదని షరతు. ఆయన్ని అదే ఏడాది కొట్టి చంపారు. తర్వాత తమ్ముడు గాయస్ కూడా పోయాడు. ఆపైన అమ్ముకోవచ్చని చట్టం వచ్చింది. ధనికులు కొనేశారు.

ఇక మన సంగతి. 1977లో అసైన్డు భూముల బదలాయింపు నిషేధ చట్టం వచ్చింది. అదే ఏడాది నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచింది. మా నాయనమ్మకు డీ ఫారం పట్టా ఆ తర్వాతే వచ్చింది. నాగాయలంక వైపు ఎకరం చిల్లర, చౌడు నేల. రొయ్య వచ్చాక ఆ చౌడుకే గిరాకీ. ఒక ఆసామి మూడేళ్ల లీజు అని తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. 20 ఏళ్లు దాటింది. ఆ గట్టు మీద రాత్రి కాపలా మా బాబాయిది. సొంత నేల మీద జీతగాడు. మాదొక్కటే కాదు. గుడివాడ దాటి నందివాడ వైపు వెళ్లండి, ఆ చేపల చెరువుల కింద ఎవరి పట్టాలున్నాయో మన పేటల్లో అడగండి.

చేతులు మారిన భూమిని తహసీల్దారు స్వాధీనం చేసుకుని అసలు పట్టాదారుకో, వారసులకో ఇప్పించవచ్చని ఆ చట్టంలోనే ఉంది. మా పేటకు ఒక్క సెంటూ తిరిగి రాలేదు. నిషేధం మన మీద పనిచేసింది, వాళ్ల మీద కాదు.

2023లో సవరణ చేశారు. 20 ఏళ్లు దాటితే పట్టాదారుకు పూర్తి హక్కు, అమ్ముకోవచ్చు. మనవాళ్లు కొందరు సంబరపడ్డారు. అమ్మే హక్కుకి నేను వ్యతిరేకిని కాను. ఊళ్లో రైతుకున్న హక్కు పేటలో మనకెందుకు ఉండకూడదు? కానీ చెరువు అతని చేతిలో, మోటార్లు అతనివి, మన అప్పు కాగితం అతని బీరువాలో. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు మార్కెట్ ధర ఎక్కణ్ణుంచి వస్తుందయ్యా? ముందు నేల మీదకి మమ్మల్ని ఎక్కించండి. అమ్మాలో వద్దో మేం తేల్చుకుంటాం.

విద్యార్థులకు ఈ వారం ఒక పని. సెలవుకి ఇంటికెళ్లినప్పుడు ట్రంకు పెట్టె తెరవండి. డీ ఫారం పట్టా ఉంటే ఫొటో తీసుకోండి. తర్వాత అడంగల్ తీయించి, అనుభవదారు కాలమ్‌లో ఎవరి పేరుందో చూడండి. మాది నేను చూశాను. పట్టాదారు మా నాయనమ్మే. పక్క కాలమ్‌లో ఆ ఆసామి పేరుంది.