ముప్పై ముగ్గురిలో ఇద్దరు

ఏ కాలపు మహనీయులు గొప్పవారన్న వాదన మన సమాజానికి చాలా ఇష్టమైనది. కవిత్రయం గొప్పదా, అష్టదిగ్గజాలు గొప్పవారా అని ఒక తరం వాదించుకుంది. సంఘసంస్కర్తల తరం గొప్పదా, స్వాతంత్ర్య సమరయోధుల తరం గొప్పదా అని మరో తరం వాదించుకుంది. వాదన ఎంత వేడిగా సాగినా, పాల్గొన్నవారందరికీ ఒక్క విషయంలో మాత్రం పేచీ ఉండదు. పోల్చడానికి ముందు పెట్టుకున్న జాబితాలు సరైనవేనని అందరూ ఒప్పుకునే కూర్చుంటారు. స్త్రీలుగా మనం పేచీ పెట్టాల్సింది అక్కడే. గొప్పవారి బృందాల్లో ఏది గొప్పదో తేల్చేముందు, ఆ బృందంలోకి ఎవరిని రానిచ్చారు, ఎవరు రానిచ్చారు, ఏ కొలతతో రానిచ్చారు అని అడగాలి.

తెలుగువాళ్ల జాబితాల్లో అందరి కళ్లకూ కనబడేది హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద ఉంది. 1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం అక్కడ 33 మంది విగ్రహాలు నిలబెట్టింది. నన్నయ, తిక్కన, ఎర్రాప్రగడ ముగ్గురూ ఉన్నారు. వేమన, పోతన, అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగయ్య ఉన్నారు. వీరేశలింగం, గురజాడ, శ్రీశ్రీ, జాషువా, మఖ్దూం ఉన్నారు. ఇంగ్లీషు ఇంజనీరు ఆర్థర్ కాటన్‌కు కూడా చోటు దొరికింది. స్త్రీలు ఇద్దరే: రుద్రమదేవి, మొల్ల. ఒకరు రాణి. ఆమె కూడా రుద్రదేవ మహారాజు అన్న మగ పేరుతో సింహాసనం ఎక్కవలసి వచ్చింది. ఇంకొకరు రామాయణం రాసిన కుమ్మరి స్త్రీ. మిగతా 31 మందీ పురుషులే.

దీనికి వెంటనే వచ్చే సమాధానం మనకు తెలుసు. "ప్రతిభకు ఆడా మగా ఏమిటండీ? చరిత్రలో అంత స్థాయి ఉన్న స్త్రీలు లేకపోతే ఎక్కడినుంచి తెస్తారు?" ఈ సమాధానాన్ని ఆ గట్టు మీదనే పరీక్షిద్దాం.

త్యాగయ్య విగ్రహం ఉంది. తిరువయ్యారులో పాడుబడిన ఆయన సమాధిని తన సంపాదనంతా పెట్టి ఆలయంగా కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మ లేదు. ఆరాధనోత్సవాల్లో స్త్రీలను పాడనివ్వనప్పుడు పోరాడి పాడించిన మనిషి ఆమె. క్షేత్రయ్య ఉన్నాడు. ఆయన పదాలను తరతరాలుగా గొంతులో దాచి మనదాకా తెచ్చిన కలావంతుల స్త్రీలలో ఒక్కరూ లేరు. వారిని సమాజం పతితలంది, వారి పాటను మాత్రం సంస్కృతి అంది. వీరేశలింగం ఉన్నారు. వితంతు వివాహాల కోసం ఆయన చేసిన పోరాటాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. కానీ ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్ని బూతని ఈసడించిందీ ఆయనే. 1910లో ఆ కావ్యాన్ని పూర్తి పాఠంతో అచ్చువేసి ఆయనకు జవాబు చెప్పింది ఆ నాగరత్నమ్మే. తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి 1947 దాకా పట్టింది. కాబట్టి స్థాయి ఉన్న స్త్రీలు లేరన్నది అబద్ధం. వారు రాసింది నిషేధించి, వారు పాడింది మరొకరి పేర రాసుకుని, ఆ తర్వాత "ఎక్కడున్నారు?" అని అడుగుతున్నారు.

1986 నాటికి పేరు తెలియనివారా అంటే అదీ కాదు. రాజ్యాంగ సభలో కూర్చున్న, ఆంధ్ర మహిళా సభ స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1981లో చనిపోయారు. భూమి కోసం దొరను ఎదిరించిన చాకలి ఐలమ్మ 1985లో చనిపోయింది. దేశంలోని స్త్రీల చరిత్రలను ఏరి 'అబలా సచ్చరిత్ర రత్నమాల'గా కూర్చిన భండారు అచ్చమాంబ 1905లోనే చనిపోయింది. మహనీయుల జాబితా స్త్రీలు కూడా తయారు చేయగలరని నూరేళ్ల కిందటే చూపించిన ఆమెకు కూడా ఆ జాబితాలో చోటు లేదు.

2011 మార్చి 10న మిలియన్ మార్చ్ రోజు ఆ గట్టు మీద పలు విగ్రహాలు కూలాయి. తెలంగాణ వారికి ఆ వరసలో తగిన చోటు లేదన్న ఆగ్రహం న్యాయమైనది. ప్రాంతం లెక్క వేశారు, కులం లెక్క కూడా కొంత వేశారు. ఆడవాళ్ల లెక్క ఆ చర్చలో వినబడింది చాలా తక్కువ. తర్వాత విగ్రహాలను మళ్లీ నిలబెట్టారు. ఆ లెక్క అలాగే ఉండిపోయింది.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. కెనడాలో టొరంటో నగరంలో ఐస్ హాకీ ఆటగాళ్ల కోసం 'హాల్ ఆఫ్ ఫేమ్' అనే గౌరవ మందిరం ఉంది. 1943లో స్థాపించారు. ఏటా కొందరిని అందులో చేర్చుకుంటారు. ఏ ఏడాది చేర్చుకున్న బృందం అన్నిటికన్నా గొప్పదన్నది అక్కడి అభిమానులకు తెగని వాదన. మెస్సియర్, స్టీవెన్స్, మెకినిస్, ఫ్రాన్సిస్ కలిసి వచ్చిన 2007 అని కొందరంటారు. ఐజర్‌మన్, హల్, రోబిటై, లీచ్ కలిసి వచ్చిన 2009 అని కొందరంటారు. ఆ ఆటలో స్త్రీల ప్రపంచ పోటీలు 1990లోనే మొదలైనా, 2009 దాకా ఆ మందిరంలో ఒక్క క్రీడాకారిణి లేదు. 2010లో ఏంజెలా జేమ్స్, కామీ గ్రనాటో మొదటిసారి అడుగుపెట్టారు. అదీ ఒక నిబంధనతో. ఏటా పురుషులు నలుగురి దాకా, స్త్రీలు ఇద్దరి దాకా. ఆ రెండు చోట్లైనా నింపారా అంటే, మళ్లీ ఇద్దరు స్త్రీలు ఒకేసారి రావడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది. మధ్య ఏళ్లలో ఒకరో, అసలు లేకపోవడమో. అలాంటి జాబితాలో ఏ ఏడాది బృందం మేటి అన్న చర్చ ఎంత నిష్పక్షపాతంగా సాగినా ఏం లాభం? తలుపు దగ్గరే సగం మందిని ఆపేశాక లోపల జరిగేది సగం చర్చే.

"అయితే ఇంకొందరు స్త్రీలను చేరుద్దాం" అన్నది రెండో సమాధానం. ఇది మన మిత్రులు చెప్పేది కనుక దీన్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి. నెల్లూరు జిల్లా తీరంలో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ ఈ మధ్య తన శిక్షణ కేంద్రంలో స్ఫూర్తినిచ్చే స్త్రీల పటాలు పెట్టాలనుకుంది. ఏ తరం స్త్రీలవి పెట్టాలన్న చర్చలో నేనూ కూర్చున్నాను. స్వాతంత్ర్యోద్యమ స్త్రీలవని కొందరు, రచయిత్రులవని కొందరు, సారా ఉద్యమం వాళ్లవని కొందరు. పక్క ఊళ్ల నుంచి వచ్చిన మత్స్యకార స్త్రీలు చాలాసేపు విన్నారు. వారి కుల పంచాయతీలో ఆడవాళ్లకు చోటుండదు. తెల్లారేసరికి గంప నెత్తిన పెట్టుకుని చేపలు అమ్మడానికి పోయేది మాత్రం వారే. సారా వాళ్ల మాట వచ్చినప్పుడు వారిలో ఒకామె, "ఎవురో ఒకరిది పెడతారా, అందరియీ పెడతారా అమ్మా?" అని అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు. అందరివీ పెట్టేంత గోడ ఏ సంస్థకూ లేదు.

ఆ ప్రశ్నలోనే అసలు విషయం ఉంది. మా జిల్లా పేర్లే చూడండి. ట్యాంక్‌బండ్ మీద నెల్లూరి మనుమసిద్ధి ఆస్థానంలోని తిక్కన ఉన్నాడు. పొట్టి శ్రీరాములు పేరు 2008లో జిల్లాకే పెట్టారు. స్త్రీల వరకు వస్తే చదువుకున్నవారికి పొణకా కనకమ్మ గారి పేరు తెలుసు. ఆమె నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం స్థాపించారు. పెన్న ఒడ్డున పల్లెపాడులో 1921లో గాంధీ ప్రారంభించిన ఆశ్రమానికి భూమి ఇచ్చారు. ఆమె గొప్పతనం మీద నాకు ఏ సందేహమూ లేదు. కానీ ఆమె పేరు నిలబడడానికి త్యాగంతో పాటు ఆమెకున్న భూమీ అక్షరమూ కూడా కారణం. ఇవ్వడానికి భూమి ఉంది, ఆత్మకథ రాయడానికి చదువు ఉంది. ఇవి రెండూ లేని స్త్రీలు గొప్ప పని చేస్తే దాన్ని ఎక్కడ రాస్తారు?

మా జిల్లాలో అటువంటి పని జరిగింది. కలిగిరి మండలం దూబగుంట మెట్ట ప్రాంతపు చిన్న ఊరు. అక్షరదీపం రాత్రిబడుల్లో చదువుకుంటున్న కూలి స్త్రీలు అక్కడ సారా దుకాణం మూయించారు. ఆ కథ అక్షరాస్యత వాచకంలో పాఠమైంది. మిగతా ఊళ్లలో ఆడవాళ్లు ఆ పాఠం చదివి తమ ఊళ్లో ఎందుకు మూయించకూడదు అనుకున్నారు. 1992లో ఊరి తర్వాత ఊరు కదిలింది. సారా జీపులను అడ్డుకున్నారు, ప్యాకెట్లు తగలబెట్టారు, చీపుర్లూ కారమూ పట్టుకుని కాపలా కాశారు. నెల్లూరులో సారా వేలం పాటలు సాగనివ్వలేదు. పగలు కూలికి పోయి, రాత్రి కొట్టే మొగుడికి అన్నం పెట్టి, మళ్లీ కాపలాకు వచ్చిన ఆడవాళ్లు వీరు. దళితులు, వెనకబడిన కులాలవారే ఎక్కువ. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలైంది. ఒక రాష్ట్ర ప్రభుత్వ ఆదాయ విధానాన్నే మార్చిన ఈ స్త్రీల కన్నా గొప్ప బృందాన్ని నా తరంలో నేను చూడలేదు.

ఈ బృందం ఏ గౌరవ మందిరంలోనూ పట్టదు. మన గౌరవాలన్నీ ఒక్క మనిషిని ఊహించుకుని తయారైనవి. విగ్రహానికి ఒక్క ముఖం కావాలి, అవార్డుకు ఒక్క పేరు కావాలి, జయంతికి ఒక్క పుట్టినరోజు కావాలి. అందుకే సారా ఉద్యమం అనగానే దూబగుంట రోశమ్మ పేరు ముందుకు వచ్చింది. ఆమె ధైర్యవంతురాలు. 2016లో ఆమె చనిపోయినప్పుడు పత్రికలు ఘనంగా రాశాయి. అందులో ఆమె తప్పేమీ లేదు. కానీ ఒక్క పేరు చెప్పి ఊరుకోవడం వల్ల రెండు నష్టాలు జరిగాయి. మిగతా ఊళ్ల స్త్రీలు పేర్లు లేని గుంపుగా మిగిలారు. అంతకన్నా పెద్ద నష్టం, ఉద్యమం ఒక వీరనారి కథగా మారి, వీరనారి లేని ఊళ్లో ఏమీ సాధ్యం కాదన్న పాఠం నేర్పుతోంది. 1992లో ఈ స్త్రీలు రుజువు చేసింది దానికి పూర్తిగా విరుద్ధం.

విగ్రహాలు పెట్టే ప్రభుత్వాల తీరు కూడా చెప్పుకోవాలి. ట్యాంక్‌బండ్ మీద మహనీయులను నిలబెట్టిన దశాబ్దంలోనే అదే ప్రభుత్వం వారుణివాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో పల్లెపల్లెకూ చేర్చింది. ఆ రామారావు గారే తర్వాత మద్యనిషేధ దాతగా పేరు తెచ్చుకున్నారు. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. 2019లో దశలవారీ నిషేధం అని చెప్పిన జగన్‌మోహన్ రెడ్డి ప్రభుత్వం దుకాణాలను తానే నడిపింది. 2024 అక్టోబరు నుంచి దుకాణాలు మళ్లీ ప్రైవేటు వ్యాపారుల చేతికి వెళ్లాయి, 99 రూపాయలకే క్వార్టర్ సీసా అందించడం విధానమైంది. మార్చి 8న మాత్రం దూబగుంట స్త్రీల త్యాగం అందరికీ గుర్తొస్తుంది. గెలిచిన హక్కును లాగేసుకుని గెలిచినవారి మెడలో దండ వేయడం ఇది. ఇలాంటి దండలు మనకు అక్కర్లేదని చెప్పగలగాలి.

నిషేధం పనిచేయలేదు కదా, దొంగసారా పెరిగింది కదా అని కొందరు అంటారు. మంచి విధానం ఏదన్నది వేరే చర్చ. ఆ చర్చలో ఈ స్త్రీలను కూర్చోబెట్టారా? 1997లో అడిగారా, 2019లో అడిగారా, 2024లో అడిగారా? నిర్ణయం చేసే గదిలో చోటివ్వనివారు గోడ మీద చోటిస్తామంటే నమ్మనక్కర్లేదు.

మరి మనం చేయవలసిందేమిటి? స్త్రీశక్తి సంఘటన 1986లో, ట్యాంక్‌బండ్ విగ్రహాలు లేచిన ఏడాదే, 'మనకు తెలియని మన చరిత్ర' ప్రచురించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వారి నోటనే రికార్డు చేసిన పుస్తకం అది. ఒకే ఏడాది వచ్చిన ఆ రెండు జాబితాల్లో ఏది మనదో ఎంచుకోవడం కష్టం కాదు. నెల్లూరు స్త్రీల విషయంలో ఆ పని ఇంకా మిగిలే ఉంది. ఉద్యమం నాటికి నేను బడి పిల్లను. అప్పుడు ముప్పై ఏళ్లున్న స్త్రీలకు ఇప్పుడు అరవై దాటాయి, నలభై ఏళ్లున్నవారికి డెబ్భై దాటాయి. ఊరూరా వెళ్లి, కాపలా కాసిన ప్రతి స్త్రీ పేరూ, ఆమె చెప్పిన మాటలూ, దెబ్బలు తిన్నదెవరు, కేసులు మోసినదెవరు అన్నదీ రాయాలి. మెట్ట ఊళ్లతో ఆపకుండా తీరం దాకా రావాలి. జాబితాకు పైన నాయకురాలనీ కింద సభ్యులనీ గీత గీయకూడదు. అక్షర క్రమంలో వేయాలి. ఆ జాబితా ముందు వారికి, వారి మనవరాళ్లకు అందాలి. ప్రభుత్వానికీ పరిశోధకులకూ తర్వాత.

ఈ పత్రిక చదివే వారిలో చాలామంది జిల్లాల్లో పనిచేస్తున్నారు. మీ కార్యాలయం గోడ మీద ఎవరి పటాలున్నాయో ఒకసారి లెక్క చూడండి. అందులో కూలికి పోయిన స్త్రీలు ఎందరు, దళిత స్త్రీలు ఎందరు, ఒంటరిగా కాక పదిమందితో కలిసి గెలిచినవారు ఎందరు? ఆ లెక్క మన వాళ్ల జాబితాల్లోనే సరిగా లేకపోతే ట్యాంక్‌బండ్ మీద 33 మందిలో ఇద్దరే ఎందుకని అడిగే హక్కు మనకు సగమే ఉంటుంది. పేర్లు చెప్పగల స్త్రీలు ఇంకా బతికి ఉన్నారు. నోటుపుస్తకం పట్టుకుని వెళ్లడానికి ఏ ప్రభుత్వ అనుమతీ అక్కర్లేదు.