మందల త్రోవ

నల్లకుంట, తార్నాక పేటలలోని కలిగినవారు వేసవి సెలవులకు ఊటీ పోవుటతో తృప్తి చెందు కాలము గతించినది. ఇప్పుడు కెన్యా, టాంజానియా దేశములకు పోయి, విల్డెబీస్టు అను అడవిపశువులు మందలు కట్టి మారా నదిని దాటుట చూచుటకు లక్షల రూపాయలు వెచ్చించువారు గలరు. మేము దీనిని తప్పు పట్టము. లోకమున మిగిలియున్న మహాదృశ్యములలో అది యొకటి. కాని చూచి వచ్చినవారు చెప్పునది మొసళ్ల మాటయు, సింహముల మాటయు, తీసికొనిన ఛాయాచిత్రముల మాటయు మాత్రమే. ఆ పశువు ఎందులకు నడచుచున్నదో, దానికి త్రోవ యెట్లు మిగిలినదో విచారించువారు అరుదు.

సెరెంగెటీ మైదానపు దక్షిణభాగమున అగ్నిపర్వతముల బూడిద పేరుకొనిన నేల గలదు. అచ్చటి పొట్టిగడ్డి మిక్కిలి సారవంతము. జనవరి మొదలు మార్చి వఱకు మంద అచ్చటనే మేసి ఈనును. వానలు వెనుకపట్టి నేల యెండగనే పడమటికి, ఆపై ఉత్తరమునకు సాగి, జూలై మొదలు అక్టోబరు వఱకు మారా తీరమున నుండి, మరల వానలతో దక్షిణమునకు దిగును. పది లక్షలకు మించిన పశువులు ఏటేట చేయుచున్న పని యిది. గడ్డియు నీరును ఉన్నచోటికి పోవుటయే దీని రహస్యము. ఒక్కచోటనే కట్టివేసినచో ముందు నేల చచ్చును, పిదప మంద చచ్చును. బోట్స్‌వానా దేశమున 1958లో గాలికుంటు వ్యాధిని ఆపుటకని వేసిన కంచె కలహారీ మందలకు అడ్డమై, కఱవు వచ్చినపుడు వేలకొలది పశువులు నీటికి చేరలేక దాని ప్రక్కనే కూలినవి.

ఇంకొక సంగతి గలదు. మా యభిప్రాయమున ఇది అన్నిటికంటె ముఖ్యము. 1890 ప్రాంతమున రిండర్‌పెస్టు అను పశుమారి తూర్పు ఆఫ్రికాను ఊడ్చిపెట్టి, మసాయి జాతివారి ఆవులను, అడవిపశువులను ఒక్కటిగా చంపెను. 1950 తరువాత ఆవులకు టీకాలు వేయగా, ఎవ్వరును సూది పొడువని అడవిమందలనుండియు ఆ రోగము తొలగెను. 1960ల ఆరంభమున రెండున్నర లక్షలుగానున్న విల్డెబీస్టులు 1977 నాటికి పది లక్షలు దాటెను. అడవిపశువు బ్రతికినది పెంపుడు ఆవునకు చేసిన వైద్యమువలన. అట్టి ఆవులను కాచిన మసాయిలను 1959లో సెరెంగెటీ జాతీయవనమునుండి వెడలించిరి! యాత్రికుల బండ్లకు మాత్రము ద్వారములు తెఱచియున్నవి.

ఇట్టి మంద మనకు లేదా? హైదరాబాదునుండి శ్రీశైలము పోవు త్రోవలోనే యున్నది. అది అడవిపశువు కాదు, ఆవు. అమ్రాబాదు, అచ్చంపేట ప్రాంతపు తాండాలలో లంబాడీలు పెంచు పొడతూర్పు జాతి పశువులు కొట్టమున కట్టి మేపునవి కావు. ఋతువు ననుసరించి నల్లమలలో మేతను, నీటిని వెదకికొనుచు తిరుగును. కోతలైన చేలలో కొయ్యకాలు మేసి, రాత్రి మందగట్టి పొలమునకు ఎరువునిచ్చును. ఒంటిపై మచ్చలుండుటచే పొడ యనియు, తూర్పునుండి వచ్చుటచే తూర్పనియు పడమటి రైతులు పేరు పెట్టిరి. ఆవు పాలు స్వల్పము. ఎద్దు మాత్రము ఎండకు సడలదు, రాతినేలలో గిట్ట చెడదు. కురుమూర్తి జాతరలో దానికొఱకు రైతులు బేరమాడుదురు. కర్నాలు నందలి జాతీయ పశుజన్యు వనరుల సంస్థ 2020లో దీనిని ప్రత్యేకజాతిగా గుర్తించినది. జాతిని గుర్తించిరి గాని, దానిని ఆ జాతిగా జేసిన నడకను గుర్తించినవారు లేరు.

మేత హక్కు చిన్న విషయమని తలచువారు మన చరిత్రను మఱచినవారు. నల్లమలకు ఆవలనున్న పల్నాటిలో పుల్లరి కట్టమనిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకిగుండ్లకు బలియయ్యెను. నైజాములో మేతపై సుంకము నెదిరించిన గోండువీరుడు కొమరం భీము 1940లో జోడేఘాటు వద్ద నేలకొరగెను. వారి విగ్రహములకు పూలమాలలు వేయుటలో మనము వెనుదీయుట లేదు.

నేడు అమ్రాబాదు అడవి 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడిన పులుల రక్షితవనము. ఫరహాబాదు వద్ద అటవీశాఖవారు యాత్రికులను మోటారుబండ్ల నెక్కించి లోపలికి గొనిపోవుచున్నారు. పులిని కాపాడుట దేశమునకు గౌరవము. దానిని చూపి ధనము సంపాదించుటయు తప్పు కాదు. పశువులు మితిమీరినచో కణుజునకు, దుప్పికి గడ్డి మిగులదనియు, వాని రోగములు అడవిజంతువులకు సోకుననియు అధికారులు చెప్పునది నిజమే. కావున వనగర్భములో కొంత భాగమున మంద కాలు పెట్టరాదనుటను మే మంగీకరింతుము. అంగీకరింపనిది ఒక్కటే: విచారణ లేక, హక్కు తేల్చక, తరతరములుగా నడచినవానిని దొంగవలె చూచుట. 2006 నాటి అటవీహక్కుల చట్టము స్థిరముగా మేపువారికే గాక ఋతువుతో తరలి మేపువారికిని హక్కు గలదని స్పష్టముగా వ్రాసినది. ఆ అక్షరములు కాగితమున నుండుటకేనా?

నేరమంతయు సర్కారుదే యనుట సులభము. మంద అడవి చేరులోపల దాటవలసినవి మన పొలములే. పాతపటములలో ఊరూర డొంకలు గలవు. వానిని దున్ని గట్టు జరుపుకొనినవారిలో ఈ పత్రికను చదువు భూస్వాములును ఉండకపోరు. పశువు చేలో పడెనని బందెలదొడ్డికి తోలించునపుడు, అది నడువవలసిన డొంక ఏమైనదో ఎవరును అడుగరు. శ్రీశైలము త్రోవ వెంట ఇంటిస్థలములు కొనుచున్న పట్టణవాసియు దస్తావేజులు చూచును గాని, అది నిన్నటివఱకు ఎవరి మేతబీడో చూడడు. మన నల్లకుంట పేరులోనే కుంట గలదు. పశువు దిగి నీరు త్రాగు గట్టు మాత్రము వెదకినను దొరకదు.

చేయవలసిన పని అసాధ్యమైనది కాదు. మందలు ఏ మాసమున ఏ త్రోవన పోవునో రెవెన్యూ పటములకెక్కించి, డొంకలను విడిపింపవలెను. అడవి ప్రవేశించుటకు ముందే ప్రతి పశువునకు గాలికుంటు టీకా వేయవలెను. 2019లో ఆరంభమైన జాతీయ కార్యక్రమమున అది ఉచితము. ఆఫ్రికాలో ఆవుల టీకా అడవిని కాపాడినట్లు ఇచ్చటను కాపాడకపోదు. మూసిన భాగమెంతయో, తెఱచిన భాగమెంతయో గ్రామసభలో తేల్చవలెను. నల్లకుంటకు ప్రక్కనేయున్న ఉస్మానియా విశ్వవిద్యాలయపు భూగోళశాస్త్ర విద్యార్థులు ఒక్క యేడు మంద వెంట నడచినచో, అధికారులు కాదనలేని పటము సిద్ధమగును.

కురుమూర్తి జాతర దీపావళి వెళ్లిన పిమ్మట జరుగును. పశువులు, పెంచువారు, కొనువారు, ముగ్గురును అచ్చట నుందురు. రెవెన్యూ, అటవీ, పశువైద్య శాఖల వారును ఆ సంతకు వచ్చి ఒక్క దినము చెట్టుక్రింద కూర్చుందురుగాక.