గాజునారతో శిల్పము

కారు లోపలి అలంకరణమును గూర్చి సాహిత్యపుటలలో వ్రాయుట ఏమని పాఠకులు కొందరు శంకింపవచ్చును. శిల్పమును గూర్చి వ్రాయదగునన్నచో దీనిని గూర్చియు వ్రాయదగును.

నూలుపోగుకంటె సన్నముగా తీసిన గాజును చాపగా పరచి, పాలియెస్టరు రెసినుతో తడిపినచో, గట్టిపడిన పిదప అది తేలికయై, తుప్పు నెరుగనిదై నిలుచును. ఇదియే ఫైబర్‌గ్లాసు. 1953లో అమెరికాలోని ఫ్లింటు పట్టణమున తయారైన 300 కార్వెట్టు కార్లకు పైతొడుగు దీనితోనే చేసిరి. 1959 నాటికి కాలిఫోర్నియాలో ఎడ్ రోత్ అనునతడు ప్లాస్టరుతో రూపము తీర్చి, దాని సాయమున ఫైబర్‌గ్లాసు తొడుగు చేసి, ‘అవుట్‌లా’ అను కారును నిర్మించెను. ఉక్కు అచ్చులు గల కంపెనీలకే సాధ్యమని తలచిన పని ఒక్క మనుష్యుని చేతికి వచ్చినది.

తలుపు లోపలి పలకలో స్పీకరు నమర్పవలెననుకొందము. చెక్కతో కడియము చేసి, కావలసిన వాలులో నిలిపి, దానిపై సాగెడు గుడ్డను బిగువుగా లాగి కట్టుదురు. ఆ గుడ్డ కడియము మొదలు పలకవరకు తనంత తానే ఒక వంపు తీసికొనును. అంత సొగసైన వంపును ఏ వృత్తలేఖినియు గీయజాలదు. రెసిను పట్టించినచో గుడ్డ గుల్లవలె బిగుసుకొనును. బలము మాత్రము దానిది కాదు; వెనుకవైపున పొరమీద పొరగా పరచెడు గాజుచాపది. పొరల నడుమ గాలిబుడగ చిక్కినచో అచటనే బలహీనపడును. ఆపై మక్కు పెట్టి, గరుకుకాగితముతో రుద్ది, తోలు తొడిగినచో ఆ చాకిరి యంతయు కనుమరుగగును. కొండపల్లి బొమ్మల అతుకులకు చింతగింజల మక్కు పెట్టువారికి ఈ సంగతి క్రొత్త కాదు.

ఇక రెసిను ఊరక గట్టిపడదు. నూటికి ఒకటి రెండు పాళ్లు మిథైల్ ఈథైల్ కీటోన్ పెరాక్సైడు కలుపవలెను. తక్కువైనచో జిగురుగనే మిగులును. ఎక్కువైనచో కాగి, పొగలు చిమ్మి, బీటలువారును. పాలిమరీకరణమని మనము నల్లబల్లపై వ్రాసి చెరిపివేయునది ఇదే.

ఆ పెరాక్సైడు బొట్టు కంట పడినచో చూపే పోవచ్చును. రెసినులోని స్టైరీనును 2018లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ, మానవులకు బహుశః క్యాన్సరు కలిగించు పదార్థములలో చేర్చినది. ముక్కునకు కట్టిన చేతిరుమాలు ఆ ఆవిరిని ఆపదు. మూసిన షెడ్డులో పనిచేయు కుర్రవానికి ఈ మాట ఎవరు చెప్పవలెను? పదవతరగతి తప్పి షెడ్డుకు పోయెనని వానిని గూర్చి నిట్టూర్చుచున్నాము. వాడు అక్కడ నిత్యము చేయునది రసాయనశాస్త్రమే; కొలతపాత్ర లేదు, కంటద్దములు లేవు. దీనిని వాని అజ్ఞానమందురా? మన పాఠ్యపుస్తకముల పిసినితనమని నేనందును.

పరీక్షలకు ముందు ఒక్క పూట చాలును. ఊరిలోని షెడ్డు మేస్త్రీని బడికి పిలిచి, గట్టిపడిన ముక్కనొకటి తెమ్మని, పిల్లలచే పట్టి చూపించి, పెరాక్సైడు పాలును వారిచేతనే లెక్క కట్టించవచ్చును. లెక్క తప్పినచో ఏమగునో ఆయనయే చెప్పును.